టార్చ్‌లతో కట్టిన కంప్యూటర్

2011లో పూర్తి రూపంలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాలామంది ఇళ్లు కడతారు, గనులు తవ్వుతారు. కొందరు మాత్రం ఏకంగా కంప్యూటర్లే కడతారు. అందుకు ఆట ఇచ్చే సరంజామా చాలా తక్కువ. రెడ్‌స్టోన్ అనే ఎర్రటి పొడిని నేల మీద గీతలా చల్లితే అది తీగలా పనిచేస్తుంది. సంకేతం 15 గడులు సాగేసరికి నీరసించిపోతుంది. ఆపైన సాగాలంటే మధ్యలో సంకేతానికి మళ్లీ బలం పోసే రిపీటర్ పెట్టాలి.

అసలు కిటుకు రెడ్‌స్టోన్ టార్చ్‌లో ఉంది. ఒక దిమ్మె పక్కన తగిలిస్తే అది వెలుగుతూనే ఉంటుంది. దిమ్మెలోకి సంకేతం వచ్చిందా, ఆరిపోతుంది. ఉందంటే లేదనడం, లేదంటే ఉందనడం దాని తత్వం. ఇప్పుడు అదే దిమ్మెకు రెండు వైపుల నుంచి రెండు గీతలు తీసుకురండి. రెండింటిలోనూ సంకేతం లేనప్పుడే టార్చ్ వెలుగుతుంది. సంకేతాలు తీసుకుని ఇలా ఒక జవాబు చెప్పే అమరికను గేటు అంటారు. ఇది నార్ గేటు. మిగతా తర్కమంతా ఈ ఒక్కదానితోనే అల్లుకోవచ్చు. మనుషుల్ని చంద్రుడి దాకా నడిపించిన అపోలో కంప్యూటర్ తర్కాన్ని కూడా నార్ గేట్లతోనే నిర్మించారు కనుక, పిల్లల ఆట అని తీసిపారేయడానికి లేదు.

రెండు నార్ గేట్లు తీసుకుని, ఒకదాని ఫలితాన్ని రెండోదానికి ఎదురెదురుగా అందిస్తే మెమరీ తయారవుతుంది. బటన్ నొక్కితే ఒక టార్చ్ ఆరి రెండోది వెలుగుతుంది. బటన్ వదిలేసినా అలాగే ఉండిపోతుంది. ఒక బిట్, అంటే సున్నా లేదా ఒకటి, దాచుకున్నట్టే.

తిప్పలన్నీ కూడికలోనే. టార్చ్ ఆరాలన్నా వెలగాలన్నా 0.1 సెకను పడుతుంది. ఎనిమిది బిట్ల యంత్రంలో 255 అంటే అన్ని స్థానాల్లోనూ ఒకట్లే. దానికి 1 కలిపితే, చేతిలో మిగిలిన ఒకటి కుడి నుంచి ఎడమకు అన్ని స్థానాలూ దాటాలి. స్థానానికి రెండు టార్చ్‌ల చొప్పున లెక్కేస్తే దాదాపు 1.6 సెకన్లు. సిలికాన్ చిప్‌లోనూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడ కంటికి ఆనదు. ఇక్కడ టార్చ్‌లు వరసగా మారుతూ పోవడం చూస్తూ నిలబడవచ్చు. ఈ సరదా కోసమైనా ఒకసారి కట్టి చూడాలంటాను.

ఫలితాన్ని మెమరీలో దాచమని లయగా చెప్పే సంకేతమే క్లాకు. ఆ కాస్త సమయం గడవకముందే అది కొట్టిందంటే, సగం కూడిన తప్పుడు మొత్తం మెమరీలోకి చేరిపోతుంది. క్లాకును నిదానింపజేయడం ఒక దారి. చేతిలో ఒకటి మిగులుతుందో లేదో అన్ని స్థానాలకూ ముందుగానే తేల్చే గేట్లు అదనంగా పెట్టడం మరొకటి. వేగం వస్తుంది కానీ నిర్మాణం మరింత జాగా మింగేస్తుంది. కొత్తగా కట్టేవారికి నిదానమైన క్లాకే మేలు. కూడిక సరిగా వస్తోందో లేదో తేల్చుకోవడానికి అదే 255కు 1 కలపండి: బిట్‌కొకటి చొప్పున పెట్టిన ఎనిమిది దీపాలూ ఆరిపోయి, ఎడమ చివరన తొమ్మిదోది వెలగాలి.