ఆ మరక ఎక్కడి నీళ్లది?

అద్దె ఇంట్లో గోడ మీద చెమ్మ కనబడిందంటే చాలు, వాదన మొదలవుతుంది. "మీరు కిటికీలు తెరవరు, తడి బట్టలు లోపలే ఆరేస్తారు" అని ఓనరు. "గోడలో పైపు కారుతోంది, బాగుచేయించండి" అని అద్దెకున్నవాళ్లు. ఎవరి మాట నిజమో చాలాసార్లు ఆ గోడనే అడిగి తెలుసుకోవచ్చు.

ముందు గాలి సంగతి చూద్దాం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములు దాటితే ఇమడటం కష్టం. మిగిలింది నీరుగా మారాల్సిందే. గది 20 డిగ్రీల దగ్గర, తేమ 60 శాతం (అంటే ఇమడగలిగిన ఆవిరిలో 60 శాతం) ఉందనుకోండి. ఆ గాలి తగిలిన గోడ 12 డిగ్రీలకు చల్లబడితే అక్కడ చెమర్చడం మొదలవుతుంది. వంట, స్నానం, ఆరేసిన బట్టలు, చివరికి మన ఊపిరి కూడా ఈ ఆవిరిని పెంచుతూనే ఉంటాయి. అందుకే బూజు తరచూ బయటిగోడల మూలల్లోనో, గోడకు ఆనించిన బీరువా వెనకో పడుతుంది. అక్కడ గోడ చల్లగా ఉంటుంది, గాలి ఆడదు. బూజుకి నీటి చుక్కలు కూడా అక్కర్లేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ చాలా రోజులు 80 శాతం దాటి ఉంటే దానికి చాలు.

కిటికీ తెరవడం మంచి సలహానే. కానీ బయటి గాలిలో ఆవిరి లోపలికన్నా ఎక్కువగా ఉన్న రోజున కిటికీ తెరిస్తే తేమను మనమే పిలిచినట్టు. ఈ విషయం వదిలేసి ప్రతి మరకకూ అద్దెకున్నవాళ్లదే తప్పనడం అన్యాయం.

నేల నుంచి పైకెక్కే చెమ్మ తీరు వేరు. ఇటుకలోని సన్నని రంధ్రాలు దీపం వత్తిలా నీటిని పైకి లాగుతాయి. రంధ్రం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. మామూలుగా ఈ చెమ్మ నేల నుంచి మీటరు ఎత్తు వరకు అడ్డపట్టీలా కనిపిస్తుంది. నీటితో వచ్చిన లవణాలు గోడ పైపొరలో స్ఫటికాలుగా పేరుకుని ప్లాస్టరును నెడతాయి. తెల్లటి ఉప్పు పొడి, ఊడిపోయే పెచ్చులు అలా వచ్చినవే. కిటికీలు ఎంత తెరిచినా ఇది ఆగదు. మరమ్మతు గోడకే జరగాలి.

అనుమానం తీరకపోతే ఒక తేలిక పరీక్ష ఉంది. మరక ఉన్నచోట గోడ ఉపరితలాన్ని తుడిచి ఆరబెట్టి, అడుగు పొడవు వెడల్పుల అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులయ్యాక చూడండి. గది వైపు తడిస్తే గాలిలోని ఆవిరి, గోడ వైపు తడిస్తే గోడలోని నీరు. పైపు మీద అనుమానముంటే కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు చూడాలి. అది ఇంకా తిరుగుతుంటే నీరు ఎక్కడో పోతున్నట్టే.

కారణం పట్టుకోకుండా బూజు మీద పెయింటు వేయడం నాకు అసలు నచ్చని పని. చెమ్మ లోపలే ఉంటుంది, బూజు కొన్నాళ్లకే మళ్లీ బయటికొస్తుంది. ఈలోపు ఆ గాలి పీల్చేది ఇంట్లో ఉండేవాళ్లు. చెమ్మ ఇళ్లకూ ఆస్తమాకూ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది.

లీకయి పరుపో కార్పెట్టో తడిస్తే 24 నుంచి 48 గంటల్లోగా పూర్తిగా ఆరబెట్టాలి. అది దాటితే బూజు మొలకెత్తే అవకాశం బాగా పెరుగుతుంది. కాబట్టి ఓనరుకు కబురు ఆ రోజే వెళ్లాలి, ఓనరు కూడా ఆ రోజే కదలాలి.

మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ రాసి, ఫొటో తీసి ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. వాన పడినప్పుడల్లా గీత దాటితే కప్పునో బయటిగోడనో చూడాలి. పైన బాత్‌రూం వాడినప్పుడల్లా దాటితే అక్కడి పైపులు, టైల్స్ సందులు చూడాలి.