పోత పోసిన రోజే పడిన పగులు

విరిగిన అల్లాయ్ వీల్ (పోత అల్యూమినియం చక్రం) ముక్కను భూతద్దం కింద పెడితే, చెరువులో నీరు తగ్గేకొద్దీ గట్టున పడే చారల్లాంటి వంపు గీతలు చాలాసార్లు కనబడతాయి. వాటి వెంట వెనక్కి వెళ్తే అన్నీ ఓ చిన్న నల్ల చుక్క దగ్గర ఆగుతాయి. ఆ చుక్క బండి రోడ్డెక్కాక వచ్చింది కాదు, అచ్చులో లోహం పోసిననాటిది.

లోడు తక్కువైనా పదే పదే పడితే లోహం విరుగుతుందని 1850, 60ల్లో రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి చూపించినవాడు జర్మన్ ఇంజినీరు ఆగస్ట్ వోలర్. ఉక్కుకైతే ఒక హద్దు దొరికింది. లోడు ఆ హద్దు దాటకపోతే ఎన్ని తిప్పులైనా తట్టుకుంటుంది. అల్యూమినియంకు అంత స్పష్టమైన హద్దు లేదు. పోత అల్యూమినియంతో చిక్కు ఇంకా ఎక్కువ. ఒకే బ్యాచ్‌లో వచ్చిన రెండు ముక్కల్లో ఒకటి రెండోదానికి పది రెట్లు ఎక్కువ కాలం నిలవచ్చు.

ఈ తేడాకి చాలాకాలం నింద మోసింది హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం తేమ నుంచి దాన్ని లాగేసుకుంటుంది. గడ్డకట్టాక పట్టి ఉంచుకోగలిగేది అందులో దాదాపు ఇరవయ్యో వంతే, మిగతాది బుడగలవుతుంది. వానాకాలంలో ఫౌండ్రీ వాళ్ల టెన్షన్ ఇదే. ఆర్గానో నైట్రోజనో పంపి డీగ్యాసింగ్ చేస్తారు, అంటే లోహంలోని హైడ్రోజన్‌ను బయటికి తీసేస్తారు.

నింద హైడ్రోజన్ మీంచి పోతపోసే తీరు మీదకు మళ్లడానికి ఒక కారణం రేసు కార్లు. 1970ల చివర్లో బ్రిటన్‌లో రేసు ఇంజిన్లు చేసే కాస్వర్త్ కంపెనీ సిలిండర్ హెడ్ల (ఇంజిన్ పై భాగాల) కోసం లోహాన్ని పైనుంచి పోయడం మానేసి, విద్యుదయస్కాంత పంపుతో కింది నుంచి నెమ్మదిగా అచ్చులోకి ఎక్కించింది. ఆ పనిలో ఉన్న జాన్ క్యాంప్‌బెల్ తర్వాత బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో దీన్ని సిద్ధాంతంగా మలిచాడు. పాల మీద మీగడలా కరిగిన అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. లోహం చిందితే ఆ పొర మడతపడి లోపలికి పోతుంది. మడతలోని రెండు పొడి ముఖాలు అతుక్కోవు. అంటే పగులు అప్పటికే తయారు! క్యాంప్‌బెల్ చెప్పిన వేగం హద్దు సెకనుకు సుమారు అర మీటరు. లోహం ఒకటిన్నర సెంటీమీటరు కిందికి పడినా ఆ వేగం దాటేస్తుంది. గరిటెతో పోసే ఏ మేస్త్రీ చేతిలో ఆగుతుంది?

ఈలోగా జపాన్‌లో మురకామి అనే ఇంజినీరు మరో లెక్క తేల్చాడు. ఆయుష్షును నిర్ణయించేది లోపల మొత్తం ఎన్ని రంధ్రాలున్నాయన్నది కాదు, అన్నిటికన్నా పెద్ద లోపం ఎంత పెద్దది, ఉపరితలానికి ఎంత దగ్గర అన్నది. ఆక్సైడ్ మడతలు మరీ పల్చనివి, మామూలు ఎక్స్-రేకి చిక్కవు.

వేడిలో సుమారు వెయ్యి వాతావరణాల ఒత్తిడి పెట్టి లోపలి రంధ్రాలను మూయించే పద్ధతి ఉంది, ఖరీదెక్కువ. పైకి తెరుచుకున్న రంధ్రంలోకి మాత్రం ఒత్తిడి పెట్టే గ్యాసే దూరుతుంది, అది మూసుకోదు. పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.