ఆరు విడతల పళ్లు

ఏనుగు పళ్లు అనగానే అందరి చూపూ దంతాల మీదికే పోతుంది. అవి బాగా పొడవు పెరిగిన పై ముందుపళ్లు, నమలడానికి పనికిరావు. మన ఆసియా ఆడ ఏనుగుకైతే సాధారణంగా బయటికి కనిపించవు కూడా. ఏనుగు బతుకంతా లోపలి దవడపళ్ల మీదే నడుస్తుంది.

మన పాలపళ్లు ఊడితే కొత్తవి కింద నుంచి మొలుస్తాయి. ఏనుగుకు వెనక నుంచి వస్తాయి. దవడ మూలలో పుట్టిన పన్ను పాతదాన్ని నెట్టుకుంటూ మెల్లగా ముందుకు జరుగుతుంది. ముందున్నది అరిగి, పలకలు పలకలుగా విరిగి రాలిపోతుంది. ఇలా ఆరు విడతలు, విడతకు నాలుగు, మొత్తం 24. మొదటివి గున్నకు రెండేళ్లు వచ్చేసరికే ఊడిపోతాయి. ఆఖరి విడత పన్ను ఒక్కోటీ దాదాపు అడుగు పొడవు. దాని పైభాగం కక్కు కొట్టిన తిరగలి రాయిలా వరుస గట్లతో ఉంటుంది. ఏనుగు కింది దవడను ముందుకూ వెనక్కూ ఆడించి నములుతుంది, ఆవులా పక్కలకు తిప్పదు.

ఇంత సరంజామా ఎందుకంటే, పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. రోజులో పదహారు గంటలు అదే పని. నెమరు లేదు, నాలుగు అరల పొట్టా లేదు. మేత పులిసేది పేగుల చివర్లో. అందుకే తిన్నదాంట్లో సగం కూడా ఒంటబట్టదు. లద్దె విప్పి చూడండి, నార నారలాగే ఉంటుంది.

పలమనేరు, కుప్పం వైపు చెరకు తోటల్లో దిగే గుంపుల సంగతీ ఇదే. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు చిత్తూరు జిల్లాకు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవిలో మేత లేకే వస్తున్నాయన్నది నా దృష్టిలో సగం మాటే. గంటల తరబడి ముతక గడ్డి నమిలే జంతువుకు మెత్తగా, తియ్యగా, ఒకేచోట తిండి దొరికితే టపాసులు కాల్చినా మళ్లీ రాకుండా ఉంటుందా? రాత్రంతా కాపలా కాసే రైతుకు మాత్రం ఈ వివరణ ఏ కొంచెమూ ఊరట కాదు.

ఆరో విడతా అరిగిపోతే మరి పళ్లు రావు. అరవై దాటిన అడవి ఏనుగు చుట్టూ మేత ఉన్నా చిక్కిపోతుంది. ముసలివి మెత్తటి గడ్డి కోసం నీటి ఒడ్డుకు చేరి అక్కడే చనిపోతాయని, ఏనుగుల శ్మశానం కథలు అలాగే పుట్టాయని అంటారు. 1966లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త రిచర్డ్ లాస్ ఆఫ్రికా ఏనుగుల దవడలు పరిశీలించి, పళ్లను బట్టి వయసు కట్టే పద్ధతి ప్రచురించాడు. ఎక్కడైనా దవడ ఎముక దొరికితే, అందులో ఉన్నది ఎన్నో విడత పన్నో, ఎంత అరిగిందో చూసి ఆ ఏనుగు సుమారుగా ఏ వయసులో చనిపోయిందో చెప్పేస్తారు.