వాల్టర్ టల్‌కి ఇంకా అందని పతకం

2018 మార్చిలో బ్రిటన్ ఎంపీలు వందమందికి పైగా కలిసి ప్రధానికి ఒక లేఖ రాశారు. సరిగ్గా వందేళ్ల కిందట మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన వాల్టర్ టల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడికి మిలిటరీ క్రాస్ అనే సాహస పతకం ఇవ్వమని అడిగారు. ఆ పతకం రాలేదు. దీని వెనకున్న కథ తెలియాలంటే ఇంకో ఉత్తరం దగ్గర మొదలుపెట్టాలి.

అది 1918లో గ్లాస్గోలో ఉన్న ఎడ్వర్డ్‌కి వచ్చింది. ఎడ్వర్డ్ పళ్ల డాక్టరు, వాల్టర్‌కి అన్న. తమ్ముడితో కలిసి పనిచేసిన పికార్డ్ అనే అధికారి రాశాడు. బెటాలియన్ అంతటికీ వాల్టర్ అంటే ఇష్టమని, ధైర్యవంతుడని, మిలిటరీ క్రాస్‌కి అతని పేరు సిఫార్సు అయిందని, దానికి అతను నూటికి నూరుపాళ్లూ అర్హుడని అందులో ఉంది. పోయిన తమ్ముడి గురించిన ఓదార్పూ, అతనికి పతకం రావాల్సి ఉందన్న మాటా ఒకే కాగితం మీద చదువుకోవాల్సి వచ్చింది ఆ అన్నకి.

ఆ అన్నదమ్ముల చిన్నతనం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తండ్రి డేనియల్ బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తల్లి ఆలిస్ ఇంగ్లీషు మనిషి. వాల్టర్ 1888లో ఫోక్‌స్టన్‌లో పుట్టాడు. ఏడేళ్లకే తల్లి పోయింది, తొమ్మిదేళ్లకి తండ్రి కూడా పోయాడు. సవతి తల్లికి అందరినీ పోషించే స్తోమత లేదు. పిల్లలిద్దరినీ తూర్పు లండన్‌లోని అనాథాశ్రమంలో చేర్చారు. కొన్నాళ్లకి గ్లాస్గో కుటుంబమొకటి ఎడ్వర్డ్‌ని పెంచుకోవడానికి తీసుకెళ్లింది. వాల్టర్ ఒంటరిగా మిగిలిపోయాడు. అక్కడే ప్రింటింగ్ పని నేర్చుకున్నాడు, అక్కడి జట్టులోనే ఆట నేర్చుకున్నాడు.

1908లో క్లాప్టన్ అనే అమెచ్యూర్ క్లబ్‌లో చేరాడు. అమెచ్యూర్ అంటే ఆటకి జీతం ఉండదు. ఆ ఒక్క సీజన్‌లోనే క్లాప్టన్ ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్‌తో పాటు లండన్‌లోని మరో రెండు కప్పులూ గెలిచింది. మరుసటి సీజన్‌కల్లా లండన్‌లోని పెద్ద క్లబ్ టాటెన్‌హామ్ అతన్ని ప్రొఫెషనల్‌గా తీసుకుంది.

1909 అక్టోబరులో బ్రిస్టల్‌లో మ్యాచ్ జరిగింది. ప్రేక్షకుల్లో కొందరు అతని ఒంటిరంగు పట్టుకుని నోటికొచ్చిన తిట్లు తిట్టారు. మైదానంలో ఉన్న ఫార్వర్డ్‌లందరిలో ఆ రోజు టల్లే బాగా ఆడాడని ‘ఫుట్‌బాల్ స్టార్’ విలేకరి రాశాడు. అతని నడవడిక తెల్ల ఆటగాళ్లందరికీ ఆదర్శమని కూడా రాశాడు. అయినా టాటెన్‌హామ్ మొదటి జట్టులో అతనికి దక్కినవి మొత్తం 10 మ్యాచ్‌లే. 1911లో నార్తాంప్టన్ క్లబ్‌కి వెళ్లాక గానీ అతని ఆటకు తగిన చోటు దొరకలేదు. అక్కడ వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు.

1914 డిసెంబరులో ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఏర్పడిన మిడిల్‌సెక్స్ 17వ బెటాలియన్‌లో చేరి సార్జెంట్ దాకా ఎదిగాడు. 1916లో ఫిరంగుల మోతకి మనసు చెదిరి ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకుని మళ్లీ సోమ్ యుద్ధానికి వెళ్లాడు.

అసలు చిక్కంతా ఇక్కడి నుంచే. శుద్ధ యూరోపియన్ సంతతి వాళ్లే అధికారులు కావాలన్నది అప్పటి సైన్యం నిబంధన. ఈ రంగు గీత మన వాళ్లకి కొత్తేమీ కాదు. సుబేదార్ మేజర్‌గా తల నెరిసిన భారతీయుడు కూడా నిన్నగాక మొన్న వచ్చిన ఇంగ్లీషు సెకండ్ లెఫ్టినెంట్ (అధికారుల్లో అన్నిటికన్నా కింది హోదా) కింద ఉండాల్సిందే. అలాంటి సైన్యంలో 1917 మే 30న టల్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. బ్రిటిష్ సైన్యంలో మొదటి నల్లజాతి అధికారి ఇతనేనని చాలామంది రాస్తుంటారు కానీ, 1915లోనే జార్జ్ బెమండ్ అనే యువకుడు అధికారి అయ్యాడు. అందువల్ల టల్ గొప్పతనం తగ్గదు. తన కింద ఉన్న తెల్ల సైనికులని అతను కాల్పుల్లోకి నడిపించాడు. 1918 జనవరి మొదట్లో ఇటలీలో పియావే నది దాటి జరిపిన దాడిలో, తనతో వచ్చిన వాళ్లని ఒక్కరికీ ఏమీ కాకుండా వెనక్కి తెచ్చాడు. నిబ్బరంగా, సాహసంగా వ్యవహరించాడని జనరల్ లాఫర్డ్ లిఖితపూర్వకంగా మెచ్చుకున్నాడు.

ఆ రోజుల్లో మరణానంతరం మిలిటరీ క్రాస్ ఇచ్చే పద్ధతి లేదన్నది ప్రభుత్వ వాదన. నాకది సబబుగా అనిపించదు. పికార్డ్ మాటలని బట్టి సిఫార్సు జరిగింది టల్ బతికుండగానే. రంగు నిబంధనను పక్కనపెట్టి అతనికి అధికారం అప్పగించిన సైన్యం, పతకం దగ్గరికి వచ్చేసరికి ఇంకో నిబంధన అడ్డం పెట్టడం ఏం న్యాయం?

1918 మార్చి 25న జర్మన్ల భారీ దాడికి బ్రిటిష్ దళాలు వెనక్కి తగ్గుతున్నాయి. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఫావ్రయ్ దగ్గర టల్ తూటా తగిలి పడిపోయాడు. వయసు 29. మెషీన్‌గన్లు మోగుతుండగానే టామ్ బిల్లింగ్‌హామ్ అనే సైనికుడు అతన్ని లాక్కురావడానికి ప్రయత్నించాడు. జర్మన్లు దగ్గరికి వచ్చేస్తుంటే వదిలేయక తప్పలేదు. తర్వాత శవం దొరకలేదు, సమాధి కూడా లేదు. సమాధి లేని దాదాపు 35 వేల మంది పేర్లున్న అరాస్ స్మారకం గోడ మీద టల్ పేరు కూడా ఉంది.