వండర్ ఉమన్ కథలోకి తండ్రి ఎప్పుడొచ్చాడు?

2017లో సినిమా వచ్చిన దగ్గర్నుంచి విశాఖలో కామిక్స్ చదివే పిల్లల మధ్య ఒక తగువు తెగడం లేదు. వండర్ ఉమన్ తల్లి చేసుకున్న మట్టిబొమ్మా, గ్రీకు దేవుళ్ళ రాజు జియస్ కూతురా? సినిమా చూసినవాళ్ళు జియస్ కూతురంటారు. ఇంట్లో బాబాయో మేనమామో దాచుకున్న పాత సంచికలు చదివినవాళ్ళు మట్టిబొమ్మే అంటారు. ఇది నేవీ ఉన్న ఊరు. బదిలీల మీద వచ్చి వెళ్ళే కుటుంబాలు వదిలించుకున్న ఇంగ్లీషు కామిక్స్ పాత పుస్తకాల బండ్ల మీదికి చేరుతూనే ఉంటాయి. ఎవరి చేతికి ఏ కాలం సంచిక దొరికితే వాళ్ళకి ఆ పుట్టుకే ఖాయం.

నిజానికి ఇద్దరి మాటా పుస్తకాల్లో ఉన్నదే. వండర్ ఉమన్ అసలు పేరు డయానా. ఆమె పుట్టుకను 1942 నుంచి ఇప్పటిదాకా చాలాసార్లు మార్చి రాశారు. సినిమా కూడా రెండూ వాడుకుంది. చిన్నప్పుడు తల్లి ఆమెకి మట్టి కథ చెబుతుంది. చివరికి శత్రువు వచ్చి, కాదు నువ్వు జియస్ బిడ్డవంటాడు. ఇది పిల్లల తగువే అయినా తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదని నా నమ్మకం. ఆ మట్టి వెనక జైలుకెళ్ళిన ఆడవాళ్ళున్నారు. కథలోకి తండ్రి వచ్చాక వాళ్ళు కనబడకుండా పోయారు.

మొదటి సంగతి మొదట చెప్పుకోవాలి. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు. రెండు మూడేళ్ళలోనే అమెరికాలో కామిక్స్ మీద గొడవ మొదలైంది. పిల్లల్ని చెడగొడుతున్నాయని టీచర్లు, పత్రికలవాళ్ళు విరుచుకుపడ్డారు. 1940 అక్టోబరులో ఒక ఫ్యామిలీ పత్రికలో విలియం మౌల్టన్ మార్స్టన్ అనే సైకాలజిస్టు ఇంటర్వ్యూ వచ్చింది. కామిక్స్‌ని చూసి నవ్వకండి, పిల్లల కోరికలు వాటిలోనే ఉన్నాయి అన్నది ఆయన వాదన. అది చదివిన ప్రచురణకర్త మాక్స్ గెయిన్స్ ఆయన్ని సలహాదారుగా పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూ చేసిన రచయిత్రి పేరు ఆలివ్ రిచర్డ్ అని వేశారు. ఎవరో పెద్దాయన ఇంటికి వెళ్ళి అడిగి తెలుసుకున్నట్టు ఆమె రాసింది. ఆమె అసలు పేరు ఆలివ్ బర్న్. ఆమె ఉండేదే ఆ ఇంట్లో.

ఆ ఇంటి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వండర్ ఉమన్ సామగ్రి అంతా అక్కడిదే. మార్స్టన్ హార్వర్డ్‌లో చదివాడు. లా చేశాడు, 1921లో సైకాలజీలో పీహెచ్‌డీ తీసుకున్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు పెరుగుతుందన్న ఆధారంతో ఒక పరీక్ష తయారుచేశాడు. ఈనాటి లై డిటెక్టర్‌లో ఒక భాగానికి అది మూలం. ఆయన భార్య ఎలిజబెత్ హాలోవే కూడా లాయరే. ఆ రోజుల్లో హార్వర్డ్ లా స్కూల్ ఆడవాళ్ళని చేర్చుకునేది కాదు కాబట్టి 1918లో బోస్టన్ యూనివర్సిటీలో పట్టా తీసుకుంది. తనకి కోపమొచ్చినా, ఉద్వేగం కలిగినా బీపీ పెరుగుతుందని ఆమె అన్న మాటే ఆ పరీక్షకి దారి చూపిందని వాళ్ళ కొడుకు చెప్పాడు. మార్స్టన్‌కి ఉద్యోగాలు నిలవలేదు. ఎలిజబెత్ ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసి ఇల్లు నడిపింది. ఒకప్పుడు ఆయన స్టూడెంట్ అయిన ఆలివ్ బర్న్ పిల్లల్ని పెంచింది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు. మార్స్టన్‌కి ఇద్దరి వల్లా ఇద్దరేసి చొప్పున నలుగురు పిల్లలు. బయటివాళ్ళకి ఈ సంగతి తెలియనివ్వలేదు. నిజం చెప్పించే మంత్రపు తాడుని కథలో పెట్టినాయన ఇంట్లో ఇంత పెద్ద రహస్యం ఉంది.

కోర్టులు ఆ పరీక్షని ఒప్పుకోలేదు. 1922లో హత్య నేరం మీద విచారణకొచ్చిన ఫ్రై అనే నల్లజాతి యువకుడి కేసులో మార్స్టన్ సాక్ష్యమివ్వబోతే జడ్జి వద్దన్నాడు. శాస్త్రవేత్తల్లో సాధారణంగా ఆమోదం లేని పద్ధతి సాక్ష్యంగా చెల్లదని 1923లో పై కోర్టు కూడా తేల్చింది. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, మనిషి ఇష్టం లేకుండా లై డిటెక్టర్, నార్కో పరీక్షలు చెయ్యకూడదని తీర్పిచ్చింది. కోర్టులో చెల్లని యంత్రం కామిక్స్‌లో మాత్రం బంగారు తాడై, ఎనభై ఏళ్ళు దాటినా తెగకుండా నడుస్తోంది.

ఇక ఆలివ్ బర్న్ తల్లి సంగతి. ఆమె పేరు ఎథెల్ బర్న్, నర్సు. కుటుంబ నియంత్రణ ఉద్యమాన్ని నడిపిన మార్గరెట్ సాంగర్‌కి చెల్లెలు. 1916 అక్టోబరులో అక్కాచెల్లెళ్ళు న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ పేటలో ఒక చిన్న క్లినిక్ తెరిచారు. గర్భం రాకుండా ఏం చెయ్యాలో బీద తల్లులకి చెప్పడమే అక్కడి పని. అప్పటి చట్టం ప్రకారం అది నేరం. పోలీసులు పట్టుకెళ్ళారు. 1917 జనవరిలో ఎథెల్‌కి ముప్పై రోజుల జైలు వేస్తే ఆమె నిరాహార దీక్షకి దిగింది. అధికారులు గొంతులోకి గొట్టం పెట్టి బలవంతంగా ఆహారం ఎక్కించారు. అప్పటికి ఆలివ్ పన్నెండు పదమూడేళ్ళ పిల్ల.

ఆ పిల్ల పెద్దయ్యాక రెండు చేతులకీ వెడల్పాటి లోహపు కడియాలు వేసుకునేది. వండర్ ఉమన్ చేతుల మీద తుపాకి గుళ్ళని ఆపే కడియాలు అవే. కథలో వాటికి వేరే కారణం ఉంది. డయానా జాతివాళ్ళైన అమెజాన్ స్త్రీలని హెర్క్యులీజ్ మోసంతో ఓడించి సంకెళ్ళు వేస్తాడు. ఆఫ్రొడైట్ దేవత దయతో బయటపడ్డాక, మళ్ళీ మగవాడి మాయలో పడకూడదన్న గుర్తుకి ఆ కడియాలు తియ్యకుండా ఉంచుకుంటారు. ఎవడైనా మగవాడు ఆ కడియాలకి గొలుసు బిగిస్తే బలమంతా పోతుంది. గొలుసుల బొమ్మలు ఆ సంచికల నిండా ఉంటాయి. ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ళు తమని తాము గొలుసులతో కట్టుకుని నిరసన తెలిపిన కాలం నుంచి వచ్చిన బొమ్మలవి. వాటిని గీసిన హెచ్.జి. పీటర్ అప్పటికే వయసు మళ్ళినవాడు. ఓటు హక్కు ఉద్యమం నడిచే రోజుల్లో ఆ ఉద్యమం కార్టూన్లు వచ్చే పత్రికకే బొమ్మలు వేశాడు.

అయితే మార్స్టన్‌ని మహానుభావుణ్ణి చెయ్యక్కర్లేదు. కట్టివెయ్యడం, లొంగిపోవడం గురించి ఆయనకి సొంత సిద్ధాంతాలుండేవి. ప్రచురణకర్త సలహా మండలిలో ఉన్న జోసెట్ ఫ్రాంక్ 1943లో ఇదేం పిల్లల పుస్తకమని అభ్యంతరం చెప్పింది. ఆమె మాటలో న్యాయం ఉంది.

1941 చివర్లో ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో డయానా మొదటిసారి కనబడింది. మార్స్టన్ పెట్టిన పేరు సుప్రీమా, ది వండర్ ఉమన్. ఎడిటర్ షెల్డన్ మేయర్ అందులో సుప్రీమాని కొట్టేశాడు. 1942 జనవరి తేదీతో వచ్చిన సెన్సేషన్ కామిక్స్ మొదటి సంచికకి ఆమె అట్టమీది బొమ్మయింది. అదే ఏడాది వేసవిలో సొంత పత్రిక మొదలైంది. అందులోనే పుట్టుక కథ ఉంది. మగవాళ్ళు లేని దీవిలో రాణి హిప్పోలిటాకి బిడ్డ కావాలనిపిస్తుంది. మట్టిని మనిషి ఆకారంలో మలిచే రహస్యం ఎథీనా దేవత నేర్పుతుంది. రాణి తన చేతులతో పాపని చేసుకుంటుంది. ఆఫ్రొడైట్ ప్రాణం పోస్తుంది. విద్య నేర్పింది, బొమ్మ చేసింది, ఊపిరి పోసింది ముగ్గురూ ఆడవాళ్ళే.

ఏటా చవితికి వ్రతకథ చదువుకునే మనకి ఇది కొత్తేమీ కాదు. పార్వతి నలుగుపిండితో బిడ్డని చేసి ప్రాణం పోసి గుమ్మం దగ్గర కాపలా పెడుతుంది. తల్లి ఒక్కతే చేసుకున్న బిడ్డ వాడు. తండ్రి తర్వాత వస్తాడు, తల తీస్తాడు, వేరే తల పెడతాడు. మనం పూజించేది తండ్రి వచ్చాక ఏర్పడ్డ రూపాన్ని. వండర్ ఉమన్ విషయంలో ఆ తండ్రి రావడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది.

మొదటి కథలో ఇంకో ముఖ్యమైన సంగతుంది. డయానా బలం దేవతల వరం కాదు, సాధన. దీవిలో ఆడపిల్లలందరూ నేర్చుకునే విద్యే ఆమెదీ. పోటీ పెడితే ముసుగు వేసుకుని పాల్గొని, గెలిచి, అమెరికా పైలట్ స్టీవ్ ట్రెవర్‌ని వెంటబెట్టుకుని దీవి దాటుతుంది. నేర్చుకుంటే ఏ ఆడపిల్లయినా ఇంతది కాగలదని మార్స్టన్ కథల్లో పదే పదే వస్తుంది. అయినా అదే 1942లో సూపర్‌హీరోల సంఘం ఆమెని చేర్చుకుని ఇచ్చిన పదవి సెక్రటరీ. ఆ కథ రాసింది వేరే రచయిత.

1947 మేలో మార్స్టన్ చనిపోయాడు. ఇకమీదట తాను రాస్తానని ఎలిజబెత్ కంపెనీని అడిగింది. ఇవ్వలేదు. రాబర్ట్ కానిగర్ చేతికి వెళ్ళింది. 1954లో డాక్టర్ ఫ్రెడరిక్ వెర్థమ్ కామిక్స్ మీద దండెత్తాడు, వండర్ ఉమన్ ఆడపిల్లలకి చెడు ఆదర్శమన్నాడు. అదే ఏడాది కామిక్స్‌లో ఏవి ఉండకూడదో చెప్పే కామిక్స్ కోడ్ వచ్చింది. డయానా ప్రేమ, పెళ్ళి బెంగల్లో పడింది. 1959లో కానిగర్ పుట్టుక కథని తిరగరాశాడు. ఆ కథలో అందం, తెలివి, బలం, వేగం అన్నీ దేవుళ్ళు ఊయలలోనే ఇచ్చేస్తారు. సాధన పోయి వరం వచ్చింది. అందరూ జియస్ దగ్గరే ఆగుతారు గానీ, నా లెక్కలో అసలు దెబ్బ ఇక్కడే పడింది.

1968లో బలాలన్నీ తీసేసి ఆమెని బట్టల షాపు యజమానురాలిని చేశారు. 1972 జులైలో గ్లోరియా స్టైనమ్, ఆమె తోటివాళ్ళు పెట్టిన స్త్రీవాద పత్రిక అట్టమీద పాత దుస్తుల్లో ఆమెని వేసి, ప్రెసిడెంట్‌గా వండర్ ఉమన్ కావాలన్నారు. మరుసటి ఏడాదే బలాలు తిరిగొచ్చాయి. అప్పుడే నూబియా అనే నల్లజాతి తోబుట్టువు కూడా కథలోకి వచ్చింది. హిప్పోలిటా ఆమెని నల్లమట్టితో చేసింది. 1987లో జార్జ్ పెరెజ్ మట్టికి కొత్త అర్థం ఇచ్చాడు. మగవాళ్ళ హింసకి బలైపోయిన ఆడవాళ్ళ ఆత్మలే అమెజాన్లుగా మళ్ళీ పుట్టారు. గర్భంలో ఉండగా తల్లితో పాటు చనిపోయిన బిడ్డ ఆత్మ ఆ మట్టిలోకి వచ్చి డయానా అయింది. తర్వాత వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

2011లో వండర్ ఉమన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ తన కథలన్నిటినీ మొదటి నుంచి మొదలుపెట్టింది. బ్రయాన్ అజరెల్లో రాత, క్లిఫ్ చియాంగ్ బొమ్మలు. మట్టి కథ అబద్ధమని, జియస్ భార్య హీరా కోపం నుంచి బిడ్డని కాపాడ్డానికి హిప్పోలిటా అల్లిందని, డయానా జియస్‌కి పుట్టిందని రాశారు. బొమ్మలు గొప్పగా ఉన్నాయి, కథ వేగంగా పోతుంది, కాదనను. కానీ నిజం చెప్పించే తాడు పట్టుకున్న పిల్లకి తల్లి చెప్పిందే అబద్ధమైంది. ఆమె బలానికి కారణం ఒక మగ దేవుడయ్యాడు. ఆరేళ్ళ తర్వాత సినిమా ఈ దారిలోనే వెళ్ళింది.

పుట్టుక కథలు మారడం నాకు తప్పుగా తోచదు. మన బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు బావిలోంచి ఎలా బయటికొచ్చారో, ఎడమ చెయ్యి ఎందుకు లేదో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. గుడికి పైకప్పు లేనట్టే కథకీ కంచె లేదు. మార్గశిరం గురువారాల్లో క్యూలో నిలబడ్డ ఏ ముత్తయిదువైనా తనకు తెలిసినట్టు చెప్పుకోవచ్చు. డయానా కథ అలాంటిది కాదు. దాని మీద హక్కు ఒక కంపెనీది. ఎలిజబెత్ అడిగినా రాయనివ్వని హక్కు అది. ఎవరి తండ్రి ఎవరో తేల్చేది ఆఫీసులో. అందుకే ఎవరు మార్చారు, ఏ ఏడాది మార్చారు అన్నది తెలుసుకోవడం అవసరమంటాను. నన్నెవరైనా పిల్లలు అడిగితే 1942 నాటి కథ ముందు చదవమంటాను, తర్వాత 1987ది, ఆ తర్వాతే సినిమా.

1944లో మార్స్టన్‌కి పోలియో వచ్చినప్పుడు కథలు ఆగిపోకుండా చూసింది ఆయన దగ్గర చదువుకున్న జాయ్ హమ్మెల్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయి. 1947 దాకా డెబ్భైకి పైగా స్క్రిప్టులు రాసింది. అచ్చులో వాటి మీద ఉన్నది మార్స్టన్ కలం పేరు ఛార్లెస్ మౌల్టన్. చరిత్రకారిణి జిల్ లెపోర్ 2014లో ఈ కుటుంబం కాగితాలన్నీ వెతికి బయటపెట్టాక గానీ లోకానికి ఆమె సంగతి సరిగ్గా తెలియలేదు. 2018లో, తొంభై నాలుగేళ్ళ వయసులో, గుర్తింపు దక్కని కామిక్స్ రచయితలకిచ్చే బిల్ ఫింగర్ అవార్డు ఆమెకి ఇచ్చారు.