పడటం ముందు నేర్పుతారట

బెంగళూరు

చిరంజీవి చిట్టికీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ స్కేట్‌బోర్డు, అదే ఆ నాలుగు చక్రాల చెక్క, కొనిపెట్టమనే గోల. మిగిలిన అరపేజీలో బుజ్జి అడిగిన ప్రశ్న మాత్రం బాగుంది: "అక్క ప్రతి ఆదివారం స్కేటింగ్‌కు వెళ్ళి ఏదో ఒక దెబ్బ తగిలించుకుని వస్తుంది కదా, మళ్ళీ ఎందుకు వెళ్తుంది?" కిందటి ఏడాది ఇదే ప్రశ్న నేను మీ పెద్దమ్మను అడిగాను. నేను అడిగినప్పుడు అందులో ప్రశ్న తక్కువ, కోపం ఎక్కువ. ఎదిగే పిల్ల, ఒళ్ళంతా గీతలు పడితే రేపు నలుగురూ ఏమనుకుంటారు అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మీ పెద్దమ్మ వాదించలేదు. "ఈ ఆదివారం నువ్వే తీసుకెళ్ళమ్మా" అంది. అలా కాపలాకని వెళ్ళిన దాన్ని, ఇప్పుడు మీ అక్క కన్నా ముందే తయారై గుమ్మంలో నిలబడుతున్నాను.

మేముండే మారతహళ్ళి వీధుల్లో స్కేట్‌బోర్డు నడవదు. కారణం చెబుతాను, మీరూ మీ ఇంటి ముందు మొదలుపెట్టకుండా ఉంటారు. సైకిలు చక్రం ఎంత పెద్దది? దారిలో సెంటీమీటరు ఎత్తు గులకరాయి ఉంటే దాని మీదుగా ఎక్కి దిగిపోతుంది. స్కేట్‌బోర్డు చక్రం అడ్డుకొలత ఐదు సెంటీమీటర్లు, కొంచెం అటూ ఇటూ. దానికి అదే రాయి గోడ. బోర్డు టక్కున ఆగుతుంది, మీద ఉన్న మనిషి ఆగదు. న్యూటన్ మొదటి సూత్రం మోకాళ్ళకు అర్థమయ్యేది అప్పుడే. ఇక ఇక్కడి కాలిబాటల సంగతి చెప్పనక్కర లేదు. రాతిపలకలు ఒకటి లేచి, ఒకటి కుంగి ఉంటాయి. నడిచేవాళ్ళే చూసుకుని అడుగు వేయాలి. అందుకని నున్నగా సిమెంటు చేసిన పార్కుకు వెళ్తాం. అక్కడ ఆదివారం పొద్దున రెండు గంటలు ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ మాత్రమే.

నేను వెళ్ళిన మొదటి రోజు ఒక పిల్ల వచ్చింది, పన్నెండేళ్ళుంటాయి. బోర్డు ఇంకా ముట్టుకోనే లేదు. నేర్పే అమ్మాయి ఆమె చేత ప్యాడ్లు కట్టించి, పచ్చిక మీదికి తీసుకెళ్ళి, "పడు" అంది. పిల్ల నవ్వింది. "నిజంగానే, పడు" అంది మళ్ళీ. పడబోతున్నామనగానే మనం చేసే మొదటి పని చేయి చాచి నేలకు ఆనించడం. ఒంటి బరువంతా ఆ మణికట్టు మీద పడుతుంది, ఎముక విరగవచ్చు. కాబట్టి మోచేతులు ముడుచుకుని, భుజం మీదుగా దొర్లాలి. ర్యాంపు మీదైతే, అంటే వాలుగా కట్టిన దిబ్బ మీదైతే, రెండు మోకాళ్ళ మీద పడి జారాలి. మోకాలి ప్యాడ్లకు ముందు గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉండేది అందుకే. అది సిమెంటు మీద సర్రున జారిపోతుంది, దెబ్బ చర్మం దాకా రాదు. అరగంట సేపు ఆ పిల్ల పడుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వచ్చి ఊరికే పడ్డారు. ఒకావిడ బ్యాంకు ఉద్యోగి, నలభైకి దగ్గర్లో ఉంటుంది. ఆవిడా దొర్లింది.

నాకు హిందూపురం గుర్తొచ్చింది. నాకు పదమూడేళ్ళప్పుడు మా అన్నయ్య అద్దెకు తెచ్చిన సైకిలు, వాడు తిండికి లోపలికి వెళ్ళినప్పుడు, చీకటి పడ్డాక తీసేదాన్ని. సీటు అందదు కనుక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. పడితే మోచెయ్యి దోక్కుపోయేది. పమిట కొంగు చుట్టుకుని లోపలికి వచ్చి, పసుపు కూడా అడక్కుండా పడుకునేదాన్ని, అడిగితే ఎందుకంటారని. మా అమ్మ నోట్లో ఒకటే సామెత: తిరిగి ఆడది, తిరక్క మగవాడు చెడతారు. సైకిలు వచ్చింది గానీ, ఎలా పడాలో ఎవరూ చెప్పలేదు. పడ్డానని చెప్పుకోవడానికీ ఎవరూ లేరు.

ఇప్పుడు మీ అక్క సంగతి. ర్యాంపు పై అంచున ఒక ఇనుప గొట్టం ఉంటుంది, కోపింగ్ అంటారు. బోర్డు తోకను, అంటే వెనక కొసను, దాని మీద పెట్టి వెనక కాలితో తొక్కి పట్టుకుని నిలబడాలి. బోర్డు మిగతా భాగమంతా గాలిలోకి పొడుచుకుని ఉంటుంది. ఇప్పుడు ముందు కాలిని ముందు చక్రాల పైన పెట్టి, బరువంతా దాని మీద వేసి ఒక్కసారిగా కిందికి తొక్కాలి. దీన్ని డ్రాప్ ఇన్ అంటారు. ర్యాంపు ఎత్తు నాలుగు అడుగులే. పైనుంచి చూస్తే మాత్రం బావిలోకి చూసినట్టుంటుంది. నేను ఎక్కి చూశాను, ఊరికే చెప్పడం లేదు.

భయపడిన ఒళ్ళు వెనక్కి వాలుతుంది. అదే ముప్పు. వెనక్కి వాలితే బోర్డు ముందుకు దూసుకుపోతుంది, మనిషి వెల్లకిలా పడుతుంది. వాలు మీద నిటారుగా ఉండటమంటే నేలకు నిటారుగా కాదు, బోర్డుకు నిటారుగా. అంటే ఎటు పడతామని భయమో అటే వాలాలి. ముప్పై ఒక్క ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. వాలుతలం పాఠానికి ప్రతి ఏడూ బల్ల మీద చెక్కదిమ్మ జారించాను. దిమ్మకు భయం ఉండదు కనుక ఈ చిక్కు నాకు ఎప్పుడూ తట్టలేదు.

మీ అక్క నాలుగు ఆదివారాలు ఆ అంచున నిలబడి, నిలబడి, మెట్ల మీదుగా దిగి వచ్చేసింది. ఐదో ఆదివారం ఆ బ్యాంకు ఆవిడ ర్యాంపు వాలు మీద నిలబడి రెండు చేతులూ చాచింది. పక్కన ఇంకో అమ్మాయి, కన్నడం మాట్లాడే పిల్ల, "హెదరబేడ, హెదరబేడ" అంటోంది. భయపడకు అని. మన బెదురుకు దూరపు చుట్టంలా లేదూ ఆ మాట? మొదటిసారి రెండు చేతులూ పట్టుకుని దిగింది. తర్వాత ఒక చెయ్యి. తర్వాత వేళ్ళ కొసలు తగిలీ తగలకుండా. తర్వాత ఆవిడ చెయ్యి చాచింది గానీ, అందకుండా వెనక్కి తీసుకుంది. అక్క పడింది. లేచి ఎక్కింది, మళ్ళీ పడింది. ఆరోసారో ఏడోసారో, చక్రాలు సిమెంటుకు తగిలిన టప్ మన్న చప్పుడు, ఆపైన ఒక సన్నని హోరు, పిల్ల ఎదుటి ర్యాంపు దాకా వెళ్ళిపోయింది. అప్పుడు వీళ్ళు చప్పట్లు కొట్టరు తెలుసా? చేతిలో ఉన్న బోర్డు తోకను నేలకేసి టకటకా కొడతారు. పది పన్నెండు చెక్కలు ఒక్కసారి మోగాయి. నా దగ్గర బోర్డు లేదు. గొడుగుతో కొట్టాను.

అంతా అయ్యాక అందరూ దర్శినిలో, అంటే ఇక్కడి చిన్న హోటల్లో, నిలబడి దోసె తిని, బై టూ కాఫీ తాగుతారు. ఎవరికి ఎక్కడ కమిలిందో ఒకరికొకరు చూపించుకునేది అక్కడే. పెద్ద దెబ్బ ఉన్నవాళ్ళకు ఆ పూట గౌరవం ఎక్కువ!

ఆడపిల్లలకు వేరే వేళ ఎందుకని చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. మామూలు సాయంత్రాలు కూడా వెళ్ళి చూశాను. మగపిల్లలు చెడ్డవాళ్ళు కారు. ఒక కుర్రవాడు అక్క బోర్డు ట్రక్కు (చక్రాలను చెక్కకు బిగించే ఇరుసు) నట్టు వదులైతే అడక్కుండానే బిగించి ఇచ్చాడు. కానీ వాళ్ళ వేగం వేరు, గుంపు వేరు. కొత్తగా వచ్చిన పిల్ల గోడకు ఆనుకుని నిలబడి తన వంతు కోసం చూస్తుంది. ఎవరూ వద్దనరు, వంతు మాత్రం రాదు. ఒక్కతే ఉంటే పడినప్పుడు "ఆడపిల్ల పడింది" అవుతుంది. పది మంది ఉంటే "ఎవరో పడ్డారు" అంతే.

ఆడపిల్లల కోసం ఇలా ఇక్కడ ఒకరు ముందే ఆలోచించారు. అతీతా వర్గీస్ అని బెంగళూరు అమ్మాయే. ఆమె నేర్చుకునే నాటికి బోర్డెక్కే ఆడవాళ్ళు ఊళ్ళో దాదాపు లేరు. 2015లో గర్ల్ స్కేట్ ఇండియా అని మొదలుపెట్టి, ఊరూరా తిరిగి ఆడపిల్లలకు నేర్పింది. అదే ఏడాది మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో ఉల్రికే రైన్‌హార్ట్ అనే జర్మనీ ఆవిడ ఒక స్కేట్ పార్కు కట్టించింది. అక్కడ నియమాలు రెండే: బడికి రాకపోతే స్కేటింగ్ లేదు, ముందు వంతు ఆడపిల్లలది. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీల దాకా వెళ్ళింది. మన చెన్నై పక్క మహాబలిపురం పిల్ల కమలీ మూర్తి చిన్నప్పుడు తెల్ల గౌను వేసుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా ర్యాంపు దిగుతున్న ఫొటో ప్రపంచమంతా చుట్టి వచ్చింది. అక్క గదిలో గోడ మీద ఉంది. (మీరు మాత్రం బూట్లు లేకుండా ఎక్కకూడదు, ఫొటో ఎంత బాగున్నా సరే.)

ఇది నిన్న మొన్నటి ఆట అనుకుంటున్నారేమో. 1965లోనే అమెరికాలో ప్యాటీ మెగీ అనే అమ్మాయి బోర్డు మీద తలకిందులుగా చేతులపై నిలబడితే లైఫ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. అప్పటి చక్రాలను క్లే చక్రాలనేవారు, నేలను సరిగా పట్టేవి కావు, రాయి తగిలితే టక్కున ఆగేవి. డెబ్బైల మొదట్లో పాలియురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ చక్రాలు వచ్చాకే బోర్డు నేలను పట్టుకోవడం నేర్చింది. టోక్యో ఒలింపిక్స్‌తో ఈ ఆటకు పతకాలు మొదలయ్యాయి. 2021లో జరిగిన ఆ పోటీల్లో స్ట్రీట్ విభాగంలో (వీధిలో ఉండే మెట్లు, కడ్డీల లాంటి వాటి మీద ఆడేది) గెలిచిన ముగ్గురమ్మాయిల వయసులు 13, 13, 16. కలిపితే 42. మీ అమ్మ వయసు!

కానీ ఆ పోటీల్లో నాకు నచ్చింది పతకం రాని పిల్ల. జపాన్ అమ్మాయి మిసుగు ఒకమోటో, పదిహేనేళ్ళది, పార్క్ విభాగంలో (గిన్నెలా లోతుగా, వాలుగా కట్టిన చోట ఆడేది) ఆమే గెలుస్తుందని అందరూ అనుకున్నారు. చివరి వంతులో చివరి విన్యాసానికి పడింది. నాలుగో స్థానం. ఏడుస్తూ పక్కకు వచ్చిన పిల్లను పోటీలో ఉన్న మిగతా దేశాల అమ్మాయిలు వచ్చి భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ వీడియో అక్క నాకు ఫోనులో చూపించింది. ఆ మర్నాడు నేనే అడిగి ఆ వీడియో మళ్ళీ చూశాను.

బుజ్జీ, నీ ప్రశ్నకు ఇంతకన్నా జవాబు నా దగ్గర లేదు. అక్కను అడిగితే "పడ్డప్పుడు అక్కడ బాగుంటుంది అమ్మమ్మా" అంటుంది. వాక్యం సరిగా లేదు, భావం నాకు తెలిసింది.

ఇంట్లో కష్టాలు కూడా రాయాలి కదా. ఒక్కో చక్రంలో రెండేసి, మొత్తం ఎనిమిది బేరింగులుంటాయి. వానలో తడిస్తే తుప్పు పడతాయి, బెంగళూరు వాన చెప్పి రాదు. మొన్న మీ అక్క వాటిని విప్పి, కడిగి, ఆరబెట్టడానికి గిన్నె దొరక్క నా పోపుల డబ్బాలోంచి ఒక గిన్నె తీసుకుంది. పొద్దున్నే కళ్ళజోడు లేకుండా ఆవాల కోసం చెయ్యి పెట్టాను. ఆ రోజు చారు ఆలస్యమైంది.

ఇక మీ బోర్డు. ముందు హెల్మెట్. అక్కకు మొదట కొన్నది ఒక దుకాణంలో వాడు ఆహా ఓహో అని అంటగట్టినది. లోపల థర్మోకోల్ లాంటి నురుగు పొర లేదు, ఉత్త ప్లాస్టిక్ డిప్ప. రెండో వారానికే పట్టీ ఊడింది. దెబ్బను మింగేది ఆ నురుగు పొరే, అది నలిగి మన తలను కాపాడుతుంది. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పారేయాలి. ఈసారి నేనే చేత్తో నొక్కి చూసి కొంటాను.

ఈలోగా మీరు చేయాల్సిన పని రెండు. ఒకటి, కళ్ళు మూసుకుని నిలబడి, మీ అమ్మను చెప్పకుండా వెనక నుంచి కొంచెం తోయమనండి. ముందుకు పడే కాలు ఏదో రాసి పెట్టుకోండి. చాలామందికి బోర్డు మీద ముందుండేది అదే కాలు. ఎడమైతే రెగ్యులర్, కుడైతే గూఫీ అంటారు. గూఫీ అంటే తప్పని కాదు, మీ అక్క గూఫీయే. రెండు, తల చుట్టుకొలత. కనుబొమల పైన ఒక అంగుళం ఎత్తున టేపు పెట్టి, చుట్టూ తిప్పి, సెంటీమీటర్లలో రాసి పంపండి. జడలు కిందికి వదిలి కొలవండి. నెత్తి మీద ముడి ఉంటే హెల్మెట్ కూర్చోదు. బుజ్జి తలే పెద్దదని నాకు గుర్తు, అయినా ఇద్దరివీ పంపండి.

మీ
అమ్మమ్మ