పంటి చీము, ఫ్లైట్ టికెట్: అపోహలు - వాస్తవాలు

పళ్ల డాక్టరుగా నాకు బాగా టెన్షన్ తెప్పించే మాట ఒకటుంది: "రేపు రాత్రికే ఫ్లైట్ అండీ, ఏదో ఒక మాత్ర రాసివ్వండి."

అపోహ: యాంటీబయాటిక్ కోర్సు వాడితే పంటి ఇన్ఫెక్షన్ పోతుంది.

వాస్తవం: పోయేది వాపు, సలుపు. అదీ కొన్నాళ్లకే. పిప్పి లోతుకు దిగి పంటి లోపలి నరం చచ్చిపోయాక అక్కడికి రక్తం వెళ్లదు. రక్తం వెళ్లని చోటికి మందు కూడా చేరదు. రూట్ కెనాల్ చేసి లోపల శుభ్రం చేయాలి, లేదా పన్ను తీసేయాలి. వెంటనే చికిత్స దొరికేటప్పుడు, జ్వరం, ముఖం వాపు లేని చాలా పంటి నొప్పులకు యాంటీబయాటిక్ అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లోనే చెప్పింది. మన దగ్గర ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ రెండు వేసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

డాలస్‌లో కూతురి దగ్గరికి బయల్దేరిన ఒక పెద్దావిడ ఇలాగే వచ్చారు. దవడ వాచింది, ఒళ్లు వెచ్చగా ఉంది. అద్దం పిడితో పన్ను మీద మెల్లగా తడితే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మత్తిచ్చి పన్ను తెరిచేసరికి చీము బయటికొచ్చింది. "అమ్మయ్య, బరువు దిగినట్టుంది బాబూ" అన్నారు. కూతురితో ఫోన్లో మాట్లాడి ప్రయాణం వారం తర్వాతకు మార్పించాను. అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు తీసుకునే ఇన్సూరెన్సుల్లో పాత పంటి సమస్యలకు చాలావాటిలో ఏమీ రాదు. నెల ముందే ఒక ఎక్స్‌రే తీయించండి.

అపోహ: నొప్పి దానంతటదే పోయింది, ఇక భయం లేదు.

వాస్తవం: నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. చిగురు మీద చిన్న చీము పొక్కు వచ్చి పోతూ ఉంటే, లోపల ఇన్ఫెక్షన్ ఇంకా ఉందన్నమాటే.

అపోహ: విమానానికీ పంటికీ సంబంధమేముంది?

వాస్తవం: క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6000 నుంచి 8000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. పైకెళ్లాక చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చూసే ఉంటారు. 8000 అడుగుల లెక్కన గాలి మూడో వంతు వరకూ వ్యాకోచిస్తుంది. చీము పట్టిన పంటిలోనో, సందు పడిన ఫిల్లింగ్ కిందో గాలి చిక్కుకుంటే అది లోపలే ఒత్తుతుంది, ప్రాణం పోయినంత పని అవుతుంది. గట్టిగా మూసిన రూట్ కెనాల్‌తో ఈ ఇబ్బంది రాదు. జలుబుతో ఎక్కినప్పుడు పై దవడ పళ్లన్నీ ఒకేసారి లాగితే, అది పంటి నొప్పి కాకుండా సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) నొప్పి కావచ్చు.

అపోహ: పన్ను పీకించుకుని అదే రోజు విమానం ఎక్కేయొచ్చు.

వాస్తవం: ఫిల్లింగ్‌కైనా, రూట్ కెనాల్‌కైనా ఒకట్రెండు రోజులు ఆగడం మేలు. పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయి విపరీతమైన నొప్పి మొదలయ్యేది సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. ఆ రోజులు ఊళ్లోనే గడపండి. పై దంతం తీసినప్పుడు సైనస్‌కి దారి పడితే మాత్రం డాక్టరు సరేననేదాకా ఎక్కొద్దు.

పై పన్ను తీస్తే కళ్లు పోతాయన్న భయంతో ఆలస్యం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోవు.

నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, నాలుక కిందో గడ్డం కిందో గట్టిగా వాచినా, కన్ను మూసుకుపోతున్నా టికెట్ సంగతి వదిలేసి నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆ వాపు గొంతు వైపు పాకితే గంటల్లో ఊపిరి ఆడకుండా పోవచ్చు.